పెట్రోలు ముట్టని కారులో బాయిలర్ పాఠాలు

ఈ మధ్య మీలో చాలామంది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొనాలా వద్దా అని ఒకరినొకరు అడుగుతున్నారు. కొనండి, నేనేం వద్దనను. కొన్నేళ్ళపాటు రోజూ ఫ్యాక్టరీకి దాంట్లోనే పోయి వచ్చినదాన్ని. కానీ కొనేముందు మా ముగ్గురి సంగతి ఒకసారి వినండి. నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబు చూసుకుని రిటైరయ్యాను. ఏ డ్రమ్ములో గుజ్జు ఎన్నాళ్ళు నిలవుంటుందో తేల్చి, దాని మీద గడువు తేదీ వేయించడమే నా ఉద్యోగం. గడువు దాటిన సరుకు నా కంట పడితే ఎవరు ఎంత బతిమాలినా పారబోయించేదాన్ని. నన్ను రాక్షసి అనేవాళ్ళని నాకు తెలుసు. అంత రాక్షసి కూడా ఎలా బోల్తా పడిందో చెబుతాను.

ఇల్లు చిత్తూరులో, ఫ్యాక్టరీ బంగారుపాళ్యం దగ్గర. సర్వీసులో ఎక్కువ భాగం బస్సులోనే గడిచిపోయింది. సీజన్ వచ్చి మామిడికాయల ట్రాక్టర్లు హైవే పక్కన వరుసకట్టాయంటే బస్సు అంగుళం కదిలేది కాదు. ఇంక కొన్నేళ్ళలో రిటైరవుతాననగా, చెన్నైలో ఉండే మా ఓనరు ఒక కారు ఫ్యాక్టరీకి పంపించాడు. మోజుపడి విదేశం నుంచి తెప్పించుకున్నదట. తీరా చూస్తే వెనకాల చోటంతా బ్యాటరీయే తినేసింది, రెండు పెట్టెలు పట్టవు. ఇంట్లోవాళ్ళు సణిగితే ఆయన ఇంకో పెద్ద కారు కొనుక్కుని, దీన్ని "స్టాఫ్ వాడుకోండి" అని మా మీదికి తోలాడు.

మా మేనేజరు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, నా జీపు నాకు చాలన్నాడు. రెండు రకాలుగా నడిచే బండి రెండు రకాలుగా ఆగిపోతుందని ఆయన భయం. చిత్తూరు నుంచి వచ్చేవాళ్ళలో డ్రైవింగ్ వచ్చింది నాకొక్కదానికే. అలా తాళాలు నా చేతికొచ్చాయి.

దాని పద్ధతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. రాత్రి ఇంట్లో ఏసీకి పెట్టించిన పెద్ద ప్లగ్గులో వైరు పెట్టి పడుకుంటే పొద్దునకి చార్జి నిండుతుంది. ఆ చార్జితో మా ఊరి నుంచి ఫ్యాక్టరీకి పోగా ఇంకా బాగానే మిగులుతుంది. చార్జి అయిపోతేనో, ఎక్సిలరేటరు గట్టిగా తొక్కితేనో అప్పుడు పెట్రోలు ఇంజను అందుకుంటుంది. ఫ్యాక్టరీలో ల్యాబు పక్కనే ఒక ప్లగ్గు పెట్టించుకున్నాను. అంటే పోయేటప్పుడూ కరెంటే, వచ్చేటప్పుడూ కరెంటే. కరెంటు పోయిన రాత్రి మాత్రం మా ఆయన రెండుసార్లు లేచి "నీ బండికి అన్నం లేదు" అని నన్ను లేపేవాడు.

ఆ నిశ్శబ్దానికి అలవాటు పడటానికి మాకు నెల పట్టింది. సద్దు లేకుండా పక్కకొచ్చి ఆగితే బస్‌స్టాపులో జనం ఉలిక్కిపడేవాళ్ళు. దారికి అడ్డం నిలబడ్డ ఎనుములైతే అసలు లెక్కేచేసేవి కావు. గేటు దగ్గర వాచ్‌మన్ వారం రోజులు నన్ను జాలిగా చూసి, ఆఖరికి ఉండబట్టలేక అడిగాడు.

"మేడమ్, దినామూ ఈడికొచ్చేసరికి బండి ఆఫ్ అయిపోతాండాదే. తోసేదా?"

"తోయద్దు నాయనా, అది ఆన్‌లోనే ఉంది" అంటే నమ్మలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగా ఉండాది గదా మేడమ్" అన్నాడు.

నాతోపాటు కారులో ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకరు మా అకౌంట్స్ ఆయన. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి సరిచేయాలని చూసే మనిషి. ముందు సీట్లో కూర్చుని స్క్రీను మీదినుంచి కళ్ళు తీసేవాడు కాదు. పెట్రోలు ముల్లు మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉందని కనిపెట్టింది ఆయనే. ఆ ముల్లు కదలకుండా ఉంచడం ఆయనకు ఒక వ్రతమైపోయింది. ఇంజనుకి కుంభకర్ణుడని పేరు పెట్టాడు.

"మేడమ్, మెల్లగా, మెల్లగా. కుంభకర్ణుడు లేస్తాడు."

లేపకూడదని ఎంత అవస్థ పడ్డామో! మిట్ట ఎక్కేటప్పుడు ఏసీ ఆపేసేవాళ్ళం. నడి ఎండాకాలంలో, చిత్తూరు ఎండలో, విదేశీ కారులో కూర్చుని విసనకర్రలతో విసురుకున్న వాళ్ళం మేమే. పాల క్యాన్లు కట్టుకున్న టీవీఎస్ బండ్లు మమ్మల్ని దాటిపోతూ వెనక్కి తిరిగి చూసేవి. నాకు మొదట్లో సిగ్గేసింది. తరవాత్తరవాత నాకూ ఆ పిచ్చి అంటుకుంది. ఎవరైనా పలకరిస్తే చాలు, "ఇంతవరకూ చుక్క పెట్రోలు ముట్టలేదు తెలుసా" అని గొప్పలు పోయేదాన్ని. అప్పుడప్పుడు స్క్రీను మీద ఏదో వచ్చేది, ఇంజనును కాసేపు నడిపించాలని. కింద రెండు బటన్లు, 'ఇప్పుడు', 'తర్వాత'. మా అకౌంట్స్ ఆయన చెయ్యి 'తర్వాత' మీద ఎంత వేగంగా పడేదో చూడాల్సిందే.

రెండో మనిషి బాయిలర్ భాయ్. చిత్తూరు బజారులో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే కుటుంబం వాళ్ళది. ఈయన మాత్రం ఫ్యాక్టరీ బాయిలరు దగ్గర అసిస్టెంటుగా చేరి నలభై దాటేదాకా అక్కడే ఉండిపోయాడు. బాయిలరంటే మా ఫ్యాక్టరీకి గుండెకాయ. దాంట్లో ఆవిరి పుడితేనే గుజ్జు ఉడికేది. అంత పెద్ద బాయిలరును ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకుండా వెలిగించకూడదు. ఆ సర్టిఫికెట్ ఉన్న పెద్దాయన ఆ ఏడు రిటైరవుతున్నాడు. భాయ్‌కి ఉన్నది సెకండ్ క్లాసే.

ఓనరు కబురు పంపి తెగేసి చెప్పాడు. సీజన్ మొదలయ్యేలోగా భాయ్ ఫస్ట్ క్లాస్ పాసైతే ఆ ఉద్యోగం ఆయనదే. లేదంటే రాణిపేట నుంచి ఒకాయన్ని తీసుకొస్తారు. ఆ వచ్చే ఆయన తన అసిస్టెంటును తనే తెచ్చుకుంటానన్నాడు. అంటే పాసైతే పెద్ద కుర్చీ, తప్పితే గేటు బయట. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు. ఆ వయసులో ఇంకెక్కడికి పోతాడు?

చదవడం ఆయనకు పెద్ద కష్టం కాదు. కష్టమంతా ఓరల్ పరీక్షతోనే. ఒకసారి పోయి తప్పి వచ్చాడు.

"తెలీక కాదు మేడమ్" అన్నాడు ఒకరోజు వెనక సీట్లోంచి. "ఆఫీసరు ముందర కూసుంటే నా గొంతు లోపలికి పోతాది. ఆయన 'ఏమి? ఏమి?' అంటాడు. నేను ఇంకా లోపలికి పోతా."

ఆ మాటకి నాకు ప్రాణం ఉసూరుమంది. అకౌంట్స్ ఆయన మాత్రం మరుసటిరోజే ఆఫీసు బీరువాలోంచి బాయిలర్ పుస్తకం పట్టుకొచ్చాడు. ఆ రోజు నుంచి మా కారు బడి అయింది. బస్సులో అయితే పక్క మనిషి మాట కూడా వినబడదు. దీంట్లో గుసగుసలాడినా వినిపిస్తుంది. అకౌంట్స్ ఆయన ముందు నుంచి ప్రశ్న వేసేవాడు. భాయ్ వెనక నుంచి మెల్లగా, ఎవరో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు జవాబు చెప్పేవాడు.

"గేజ్ గ్లాసులో నీళ్ళు కనబళ్ళేదు భాయ్. ఏం జేస్తావు?"

"మంట ఆపేస్తా సార్."

"నీళ్ళు తోడతావా?"

"తోడను సార్. కాగిన ఇనుము మీద సన్నీళ్ళు పడితే పగిలిపోతాది."

"శభాష్!"

నేను అద్దంలో చూస్తూ మురిసిపోయేదాన్ని. పరీక్ష దగ్గరపడేసరికి భాయ్‌కి పుస్తకమంతా కంఠతా వచ్చేసింది. ఇంక తిరుగులేదనుకున్నాం.

పరీక్ష తిరుపతిలో. బస్సులో పొమ్మనడానికి మాకు మనసొప్పలేదు. ఇన్నాళ్ళు చదివిన కారులోనే పోవాలన్నాడు అకౌంట్స్ ఆయన. భాయ్‌కీ అదే ఇష్టం. మేనేజరు సెలవిచ్చాడు. పొద్దున్నే బయల్దేరాం. భాయ్ తెల్లచొక్కా కత్తిలా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, అది నలుగుతుందని సీటుకు ఆనుకోలేదు కూడా. తిరుపతి దాకా చార్జి చాలదని తెలుసు. అయితేనేం, పెట్రోలు ఉంది కదా, ముల్లు చూస్తే ఎక్కడిది అక్కడే ఉంది! "ఈరోజు భాయ్ కోసం కుంభకర్ణుణ్ణి లేపుదాం మేడమ్" అని అకౌంట్స్ ఆయనే పెద్దమనసు చేసుకున్నాడు.

పాకాల దాకా ప్రశ్నలూ జవాబులూ జోరుగా సాగాయి. పనపాకం దాటినాక చార్జి అయిపోయింది. కుంభకర్ణుడు లేచాడు. లేచి ఒక దగ్గు దగ్గాడు. కారంతా ఒణికింది. మళ్ళీ దగ్గాడు. స్క్రీను మీద ఎర్రగా ఏదో వెలిగింది. ఇంకోసారి గుర్రుమని, అంతే, పడుకున్నాడు. అడుగున మిగిలిన కాస్త చార్జితో రోడ్డు పక్కకి జరిపాను.

ముగ్గురం వంగి పెట్రోలు ముల్లు చూశాం.

"పెట్రోలు ఉండాదే!" అన్నాడు అకౌంట్స్ ఆయన, ముల్లుని వేలితో కొడుతూ.

అప్పుడు వెలిగింది నాకు. ఉంది, ఎప్పటి పెట్రోలు? కారు మా దగ్గరికి వచ్చిననాటిది. రెండు ఎండాకాలాలు చూసింది. ఇథనాల్ కలిపిన పెట్రోలు గాలిలో తేమ పీల్చుకుంటుందని కెమిస్ట్రీ చదివినదాన్ని నాకు తెలియదా? గడువు ఒక్కరోజు దాటిన గుజ్జును పారబోయించే రాక్షసిని నేను. పాత స్టాకు ముందు వాడాలని స్టోర్సు వాళ్ళ ప్రాణం తీసే మనిషి ఆయన. బాయిలర్లో నిలవనీళ్ళు రోజూ బయటికి వదలకపోతే నిద్రపట్టని మనిషి వెనకాల. ఇలాంటి ముగ్గురం ఒకే కారులో కూర్చుని 'తర్వాత', 'తర్వాత' అని నొక్కుకుంటూ పోయాం. మమ్మల్ని ఏ చెప్పుతో కొట్టాలి?

భాయ్ మొహం పాలిపోయింది. "అయిపాయ మేడమ్. నా నసీబు ఇంతే" అన్నాడు.

"నోర్ముయ్! దిగు" అన్నాను. కోపం ఆయన మీద కాదు, నా మీదే. భాయ్ దిగి బానెట్ ఎత్తబోతున్నాడు. "చొక్కాకి మరక అంటిందంటే చంపేస్తా. దాని జోలికి పోవద్దు."

బస్సులు ఆగలేదు. అది స్టాపు కాదు. అకౌంట్స్ ఆయన రోడ్డు మధ్యకి పోయి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. అంతకుముందు ఆ మనిషి గొంతెత్తి మాట్లాడగా కూడా నేను చూడలేదు. ఒక గూడ్స్ ఆటో కీచుమని ఆగింది. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే వంటపాత్రలు నిండుగా ఎక్కించుకుని తిరుపతిలో కల్యాణమండపానికి పోతోంది.

"సస్తావా ఏందప్పా!" అని అరిచాడు డ్రైవరు. సంగతి చెబితే మెత్తబడ్డాడు. "ముందర ఒకరికే సోటు ఉండాదక్కా. ఎనకాల గంగాళాలుండాయి. కూసుంటారా?"

కూర్చోక? భాయ్‌ని ముందు ఎక్కించాం. నేనొక బోర్లించిన గంగాళం మీద, అకౌంట్స్ ఆయన గరిటెల మూట మీద. కారును భగవంతుడికి వదిలేశాం.

ఆటో కదిలిందో లేదో, ఆ చప్పుడు ఎలా చెప్పను! గంగాళాలు, బేసిన్లు, పళ్ళాలు, అన్నీ ఒక్కసారిగా వాయించడం మొదలుపెట్టాయి. భాయ్ తల వంచుకుని కూర్చోవడం వెనక కిటికీలోంచి కనిపిస్తోంది. ఇలాగే వదిలేస్తే ఆఫీసు చేరేలోగా మనిషి పూర్తిగా లోపలికి పోతాడని నాకు భయమేసింది.

"అడగండి సార్!" అన్నాను అకౌంట్స్ ఆయనతో. ఆయనకు వినబడలేదు. గరిటెతో గంగాళం మీద ఒకటి కొట్టి అరిచాను. "ప్రశ్నలు అడగండీ!"

ఆయన కిటికీకి నోరు ఆనించి కేక పెట్టాడు. "భాయ్! సేఫ్టీ వాల్వు పరీక్ష ఎప్పుడు జేస్తావూ?"

భాయ్ పెదాలు కదిలాయి. ఏమీ వినబడలేదు. డ్రైవరు ఆయన వైపు తిరిగాడు.

"ఏందప్పా, నోట్లో నోట్లో గొణుక్కుంటావు? నాకే ఇనబళ్ళా, వాళ్ళకేం ఇనబడతాది? గట్టిగా చెప్పప్పా!"

భాయ్ కొంచెం గట్టిగా చెప్పాడు.

"ఇనబళ్ళా!"

ఇంకా గట్టిగా.

"ఇనబళ్ళా అబ్బా! మాంసం తినే మనిషివేనా నువ్వు? అరిచి చెప్పు!"

భాయ్‌కి రోషం వచ్చింది. అంత మెత్తటి మనిషికి మెడ నరాలు ఉబ్బడం ఆరోజే చూశాను. జవాబు గంగాళాల మోతను దాటుకుని మా చెవుల్లో పడింది. ఇంక చూడండి, చంద్రగిరి పొడవునా అరుపులే అరుపులు. రోడ్డు పక్క టీ అంగళ్ళ దగ్గర జనం లేచి నిలబడి చూశారు, కొట్లాటనుకున్నట్టున్నారు. డ్రైవరుకు కూడా హుషారొచ్చింది.

"అన్నా, నాదొక డవుటు! ప్రెషరు జాస్తి అయితే పేలిపోతాదా?"

"పేలదు! సేఫ్టీ వాల్వు లేస్తాది! ఆవిరి బయటికి పోతాది!"

"అదీ మాట! అట్ల చెప్పు!"

పరీక్ష ఆఫీసు ముందు దిగేసరికి నా జుట్టు పిచ్చిదానిలా ఉంది, అకౌంట్స్ ఆయన చొక్కా మీద ఎప్పటిదో సాంబారు మరక. భాయ్ తెల్లచొక్కా మాత్రం అలాగే ఉంది. డ్రైవరు అద్దె పుచ్చుకోలేదు. "పాసైపో అన్నా" అని భుజం తట్టి పోయాడు. మేం వరండాలోకి పోవడం, లోపలి నుంచి భాయ్ పేరు పిలవడం ఒకేసారి అయ్యాయి. వీడ్కోలు చెప్పడానికి కూడా టైము లేదు. తలుపు మూసుకుంది.

మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. నేను దేవుళ్ళందరికీ మొక్కేశాను. లోపల ఎవరో ఏదో అడిగారు. మరుక్షణం భాయ్ పేరు, ఊరు, సర్టిఫికెట్ వివరాలు వరండా చివరిదాకా వినబడ్డాయి. అటెండరు చేతిలో టీ గ్లాసు తొణికింది.

"నాకు చెవుడు లేదయ్యా. మెల్లగా చెప్పు" అన్నారు లోపల.

అయిపోయింది, మళ్ళీ లోపలికి పోతాడనుకున్నాను. అకౌంట్స్ ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"మెల్లగా చెప్తే నా గొంతు లోపలికి పోతాది సార్!" భాయ్ కేక. "తెలిసిందంతా పోతాది! ఇట్లనే చెప్పనీండి సార్!"

లోపల నవ్వులు. "సరే, అట్లనే కానీ" అన్న మాట వినబడింది. ఆ తరవాత ఒక్కో జవాబూ మా దాకా స్పష్టంగా వచ్చింది. అకౌంట్స్ ఆయన ప్రతి జవాబుకీ తొడ మీద కొట్టుకుంటూ "రైటు, రైటు" అనుకుంటున్నాడు. చూస్తే ఆయన కళ్ళలో నీళ్ళు. నావి కూడా అంతే, చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

చాలాసేపటికి భాయ్ బయటికొచ్చాడు, వెనకే పరీక్ష చేసిన పెద్ద ఆఫీసరు. మా అవతారాలు చూసి ఒక క్షణం ఆగాడు.

"మీ ఫ్యాక్టరీ మనిషేనా? పోయినసారీ నేనే చూశానమ్మా. ఆయనకి తెలియక తప్పించలేదు. నీళ్ళు తగ్గిపోయినప్పుడు నలుగురికీ వినబడేలా ఆపండ్రా అని అరవలేని మనిషి చేతికి బాయిలర్ ఎట్లా ఇస్తాం? ఈసారి వేరే మనిషి కోసం వెతకద్దని మీ వాళ్ళకి చెప్పండి."

మేమేమో ఆ నిశ్శబ్దంలో కూర్చోబెట్టి, ఆ మనిషికి ఇంకా మెల్లగా మాట్లాడటం నేర్పించాం. మా బడి గొప్పతనం అది.

కారును ఆ సాయంత్రం లాగించుకొచ్చాం. ట్యాంకు ఖాళీ చేయిస్తే వచ్చిన పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. లైన్లన్నీ కడిగించి కొత్తది పోయించాం. అప్పట్నుంచి శనివారం శనివారం కారు పెట్రోలు మీదే నడిచేది, అకౌంట్స్ ఆయనే గుర్తు చేసేవాడు. ఆ కారు మళ్ళీ ఎప్పుడూ మమ్మల్ని ఏడిపించలేదు. కాబట్టి కొనండి, కొని అప్పుడప్పుడు దాని ఇంజనును దగ్గనివ్వండి.

ఇంక ఆ సీజన్ సంగతి. భాయ్ సర్టిఫికెట్ వచ్చింది, పెద్ద కుర్చీ వచ్చింది. కాయ ముమ్మరంగా వస్తున్న రోజుల్లో ఓనరు చెన్నై నుంచి వచ్చాడు. ఆయన బాయిలర్ హౌసు చూస్తుండగానే బాయిలరుకి నీళ్ళు తోడే పంపు చెడిపోయింది. గేజ్ గ్లాసులో మట్టం దిగిపోతోంది. భాయ్ మంట ఆపించేయబోయాడు. బయట లోడ్లు వరుసకట్టి ఉన్నాయి, లోపల గుజ్జు సగం ఉడుకులో ఉంది. ఓనరు అడ్డం పడి, "ఇంకొంచెం లాగించవయ్యా, పంపు బాగవుతుందిలే" అన్నాడట.

ఇది నేను కళ్ళతో చూడలేదు, చెవులతో విన్నాను. నా ల్యాబు ఆవరణకి అటు చివర ఉంటుంది. తలుపులు మూసి ఉన్నాయి. అయినా ప్రతి ముక్కా వినబడింది.

"ఈడ నిలబడొద్దు సార్! బయటికి పోండి! మంట ఆపండ్రా! అందరూ బయటికి పోండి!"

ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది. పంపు బాగై, అంతా చల్లబడి, మళ్ళీ ఆవిరి పుట్టేదాకా లోడ్లు ఎండలో నిలబడ్డాయి. ఉడుకు చాలని ఆ గుజ్జునంతా నేను పారబోయించాను. కానీ ఒక్క మనిషికి గీత పడలేదు, బాయిలరుకీ పడలేదు. ఓనరు మొహం తుడుచుకుంటూ నా ల్యాబులోకి వచ్చి కుర్చీలో కూలబడి మంచినీళ్ళడిగాడు.

"ఎంత ప్రమాదం తప్పిందమ్మా" అన్నాడు. కొంచెం తేరుకున్నాక అడిగాడు. "పోయినేడాది దాకా ఆ మనిషి నా ముందు నోరు తెరవడమే నేను చూడలేదు. ఎవరిచ్చారమ్మా ఆయనకి ఆ గొంతు?"

"మీ కారే సార్" అన్నాను.